నీలం చాలడం లేదు

జూన్ 3

బామ్మర్దీ,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు ఏ ఊళ్ళో ఏ నాటకశాల మెట్ల కింద నిద్రపోతున్నావో తెలియదు గాని, అక్కడ బాగానే ఉండి ఉంటావని మీ అక్క నమ్మకం. ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ ఉండగా ఈ రాతకోతలు ఎందుకంటావా? నీతో ఫోన్లో మాట్లాడదామని కూర్చుంటే మీ అక్క వచ్చి పక్కన నిలబడుతుంది. నేను అసలు విషయానికి వచ్చేలోపు నీ జలుబు గురించి, నీ తిండి గురించి మొదలుపెట్టి ఫోన్ లాక్కుంటుంది. పైగా ఇది బొమ్మ గీసి చెప్పాల్సిన వ్యవహారం. ఇది మీ నాటక కంపెనీ అడ్రసుకు పంపుతున్నాను, జవాబు మా ఫ్యాక్టరీ అడ్రసుకే రాయి.

విషయం ఏమిటంటే, ముందు గదిలో సముద్రం పెట్టాను.

నవ్వితే నవ్వు. నిజంగా సముద్రమే, కాకపోతే గాజు తొట్టెలో. మన భోజనాల బల్ల పొడవు ఉంటుంది. ఉప్పు కలిపిన నీళ్ళు, సన్న రంధ్రాలున్న రాళ్ళు, అలలు పుట్టించే మోటార్లు, అన్నీ అమర్చాను. ఇప్పుడు అందులో పగడాలు పెంచాలి. మెళ్ళో వేసుకునే పగడం కాదు, ప్రాణంతో ఉండేది. చూడ్డానికి మొక్కలా ఉంటుంది గాని అది జంతువట. దాని ఒంట్లో కంటికి కనపడనంత సన్నటి నాచు కాపురం ఉంటుందట. ఆ నాచు వెలుతురు తాగి, పగడానికి తిండి పెడుతుంది. అంటే వెలుతురు సరిగ్గా లేకపోతే పగడం పస్తే.

నా సంగతి నీకు తెలుసు కదా. ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్ళే ప్రతి పెయింటు డబ్బా షేడూ నేను చూసి సరే అనాలి. ఇన్నేళ్ళూ డబ్బాల్లో రంగులు చూస్తూ గడిపాను. కలిపితే కలుస్తాయి, ఆరితే ఆరుతాయి, అంతకు మించి వాటికి బతుకు లేదు. రెండు మూడేళ్ళ కిందట ఒక దుకాణంలో మొదటిసారి బతికున్న రంగు చూశాను. ఊదారంగు కొమ్మ, దాని కొసన నీలం, నీళ్ళు కదిలినప్పుడల్లా ఆ నీలం వణికేది. దుకాణం మూసే వేళయిందని వాళ్ళు చెప్పేదాకా అక్కడే నిలబడ్డాను. రోజూ సాయంత్రం అలాంటిదాని ముందు కూర్చోవాలని అప్పటి నుంచీ ఆశ.

దుకాణంవాడు లైట్లు రకరకాలు చూపించాడు. పొడుగువి, పొట్టివి, తెల్లవి, నీలివి. ఏదడిగినా తక్కువ వెలుతురుతో మొదలుపెట్టండి, నెమ్మదిగా పెంచండి అంటాడు తప్ప ఏది కొనాలో తేల్చడు. నువ్వేమో ఇన్నేళ్ళ నుంచి నటుల మొహాల మీద లైట్లు కొట్టడమే పనిగా బతుకుతున్నావు. ఏం కొనాలో, ఎక్కడ కట్టాలో రాయి. ఈ నటులకు డైలాగులు కూడా లేవు, నీకు సుఖమే.

సముద్రం యజమాని,
మీ బావ


జూన్ 11

సముద్రాధిపతి బావగారికి,

మీ ఉత్తరం స్టేజీ వెనక మేకప్ డబ్బాల మధ్య దొరికింది. మా మేనేజరు పెళ్ళి శుభలేఖ అనుకుని నాకు అభినందనలు కూడా చెప్పాడు. రాసేది లైట్ల గదిలో కూర్చుని. కింద రిహార్సలు జరుగుతోంది, హీరో తన మొహం మీద చీకటి పడిందని అరుస్తున్నాడు. అరవనీండి. మీ పని ముందు.

ఒక్క పెద్ద లైటు కొనకండి, రెండు కొనండి. స్టేజీ మీద ఒక్క లైటు వేస్తే ముక్కు నీడ వచ్చి నోటి మీద పడుతుంది. మీ తొట్టెలోనూ అంతే, ప్రతి రాయి వెనకా ఒక చీకటి గుంట తయారవుతుంది. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు, రెండింటి వెలుతురూ మధ్యలో కలిసేటట్టు సీలింగు నుంచి వేలాడదీయండి. నీళ్ళకు మూరెడు పైన ఉండాలి. పైకి జరిపేకొద్దీ వెలుతురు పరుచుకుంటుంది, మెత్తబడుతుంది. కిందికి దించితే ఒకేచోట పొడుస్తుంది. కొమ్మల పగడాలను సరిగ్గా లైటు కింద, రాళ్ళ మీద పెట్టండి. పళ్ళెంలా పరుచుకునేవాటిని కిందికి, పక్కకి పెట్టండి. బొమ్మ గీశాను, ఉత్తరం వెనక చూడండి.

తెలుపు వేరుగా, నీలం వేరుగా తగ్గించి పెంచుకునే లైట్లే తీసుకోండి. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ మిగిలేది నీలమేనట, మా సౌండు మనిషి ఎక్కడో చదివి చెప్పాడు. కాబట్టి నీలం వాటి ఆకలికి, తెలుపు మీ కంటికి. మా పనిలో మొదటి సూత్రం ఒకటుంది బావా. వెలుతురు ఎంత ఉండాలో లైటు వేసేవాడు తేల్చడు, సీట్లో కూర్చున్నవాడి కన్ను తేలుస్తుంది. మీరు కుర్చీలో కూర్చుని ఏం కనిపిస్తోందో రాయండి. దాన్ని బట్టి నేను సరిచేస్తాను.

నా మీటరు పార్సిల్లో పంపుతున్నాను. నీళ్ళ దగ్గర పెడితే వెలుతురు ఎంతుందో అంకె చూపిస్తుంది. జాగ్రత్త, అది నా ఆస్తి మొత్తం. అక్కకు నా జలుబు తగ్గిందని చెప్పండి. తగ్గలేదు, అయినా చెప్పండి.

మీ దీపాలవాడు


జూన్ 25

బామ్మర్దీ,

లైట్లు కట్టాను. సీలింగుకి కొక్కేలు కొట్టడానికి వచ్చినవాడు ఇల్లు నాదో అద్దెదో అని అడిగి, నాదేనని తెలిశాక ఇష్టమొచ్చినట్టు కన్నాలు పెట్టాడు. మర్నాడు మీ అక్క లైటు వైరు మీద తడి తువ్వాలు ఆరేసింది. ఇంట్లో ఇన్ని దండేలు కట్టాక ఏది దేనికో నాకెలా తెలుస్తుందని నన్నే నిలదీసింది. సముద్రం పక్కన ఉండి కూడా కాపురంలో పోట్లాటలు తప్పవని అర్థమైంది.

పగడాలు మూడు తెచ్చాను. కొమ్మలది ఒకటి, పళ్ళెంలాంటిది ఒకటి, బొటనవేలంత గుత్తులుగా ఉండేది ఒకటి. కొమ్మలది నేను అప్పుడు చూసిన రకమేనట, ఊదారంగు, కొసన నీలం. నువ్వు గీసిన బొమ్మ ప్రకారం రాళ్ళ మీద నిలబెట్టాను. సాయంత్రం కుర్చీ వేసుకుని, మీ అక్కను కూడా పిలిచి, లైట్లు వేశాను.

ఏం చెప్పను. కాఫీ మరకలా ఉంది. గోధుమరంగు కొమ్మ, గోధుమరంగు పళ్ళెం. నీలం అన్నది మచ్చుకైనా లేదు. మీ అక్క బాగుందే అంది. ఆవిడకు నేను తెచ్చినవన్నీ బాగుంటాయి, లేకపోతే అసలు బాగుండవు, మధ్యస్థం తెలియదు. మర్నాడు దుకాణానికి వెళ్ళి వాడి మీద విరుచుకుపడ్డాను. వాడు ఇంటికొచ్చి చూసి, ఊదారంగు శుభ్రంగా కనిపిస్తోంది కదండీ అన్నాడు. రంగులమ్ముకునేవాడికి కళ్ళు లేకపోతే ఏం చేస్తాం. నీ మీటరు కూడా చాలా తక్కువ అంకె చూపిస్తోంది. నీలం చాలడం లేదు. ఏం చేయాలో రాయి.

ఫ్యాక్టరీలోనూ ఈ నెల తలనొప్పిగానే ఉంది. ఒక ఆసుపత్రి గోడలకు లేత నీలం పంపాం. కొంత పాత బ్యాచ్, కొంత కొత్త బ్యాచ్. ఒక గది ఒకలా, పక్క గది ఇంకోలా ఉందని డబ్బాలు తిప్పి పంపారు. కొత్తది మరీ నీలమైందట. రంగులు కలిపేది గరిటమ్మ. అసలు పేరు వేరు, పెద్ద గరిటె పట్టుకుని తిరుగుతుందని అందరం అలాగే పిలుస్తాం. షేడ్ చూసి ఇంకొంచెం నీలం వెయ్యమన్నది నేనే, కాదనను. ఇంకొంచెం అన్నాను గాని దోసిళ్ళతో పొయ్యమనలేదు కదా. షేడ్ కొలిచే యంత్రం కూడా అప్పుడే తేడా చూపించింది, యంత్రాలు చెడిపోవడం మామూలే అని పాస్ చేశాను. ఇప్పుడు మేనేజరు ఇద్దరినీ పిలిచి అడుగుతున్నాడు.

చిరాకులో ఉన్న
మీ బావ


జూలై 4

బావగారికి,

మీ కాఫీ మరక కథ మా భోజనాల దగ్గర చదివి వినిపించాను. అందరూ నవ్వారు, నాకు మాత్రం పరువు పోయినట్టుంది. నేను చెప్పిన లైటు కింద ఒక నటి గోధుమరంగులో నిలబడిందంటే, తప్పు నటిది కాదు.

దుకాణంవాడి మాట పక్కన పెట్టండి. వాడు అమ్ముకునేవాడు. మీవి షేడ్ తేల్చే కళ్ళు, మీరు లేదంటే నీలం లేనట్టే. మీటరు కూడా మీ మాటే చెబుతోంది కాబట్టి ఇక అనుమానం ఏముంది? తెలుపు సగానికి తగ్గించండి, నీలం పూర్తిగా పెంచండి. లైట్లు జానెడు కిందికి దించండి. ఉత్త నీలం వెలుతురు పట్టీ ఒకటి దొరుకుతుంది, అది తొట్టె ముందు అంచున కట్టండి, కొమ్మలకు ఎదురుగా పడేటట్టు. పగలు కిటికీలోంచి ఎండ వచ్చి నీలాన్ని మింగేస్తున్నట్టుంది, దళసరి కర్టెన్ వేయండి. మా దగ్గర వెన్నెల సీనుకి ఇదే చేస్తాం.

గరిటమ్మ సంగతి విన్నాక మీ మీద జాలేసింది. చెయ్యి దురుసు మనుషులతో పని చేయడం నాకూ అలవాటే. మా కుర్రవాళ్ళలో ఒకడికి కొంచెం అంటే బస్తా అని అర్థం. గట్టిగా చెప్పండి, సర్దుకుంటుంది.

పరువు నిలబెట్టుకోవాలనుకుంటున్న
మీ దీపాలవాడు


జూలై 20

బామ్మర్దీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. చిట్టచివరికి నీలం కనిపించింది. అప్పుడు దుకాణంలో చూసినంత కాదు గాని, కొసల మీద కాస్త తగులుతోంది. రోజూ ఫ్యాక్టరీ నుంచి రాగానే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. కొమ్మల కొసలు తెల్లబడుతున్నాయి. పగడం పెరిగేటప్పుడు కొత్త కొసలు తెల్లగానే ఉంటాయని చదివాను. అంటే ఒళ్ళు చేస్తోందన్నమాట. ఫొటో తీయించి ఇందులో పెడుతున్నాను, నీ వాళ్ళకు చూపించుకో.

సంతోషంగా రాస్తున్నానని అనుకోకు. మీ అక్క ముందు గదిలోకి రావడం మానేసింది. కళ్ళు నొప్పిగా ఉన్నాయంటుంది, తల దిమ్ముగా ఉందంటుంది, వంటింట్లో చిన్న బల్బు కింద కూర్చుని ఏదో కుట్టుకుంటుంది. నేను సాయంత్రాలన్నీ ఈ తొట్టెకు రాసిచ్చేశానని ఆవిడ అలక. పైకి చెప్పదు, మొహం గంటు పెట్టుకుని తిరుగుతుంది. మొన్న మీ కళ్ళు ఒకసారి డాక్టరుకు చూపించుకోకూడదా అంది. కళ్ళు నొప్పి ఆవిడకైతే డాక్టరు నాకా? దెప్పడానికి ఇదొక పద్ధతి. మీ ఇంటి ఆడవాళ్ళ సంగతి నీకు తెలియనిదా.

గరిటమ్మ వ్యవహారం ముదిరింది. ఇంకో బ్యాచ్ కూడా తిరిగి వచ్చింది, అదీ నీలమే. ఆవిడను రంగుల దగ్గర నుంచి తీసేసి డబ్బాలు కడిగే షెడ్డుకు పంపుతారు. నేను చెప్పినదానికంటే ఎక్కువ పోసిందని కాగితం రాసిపెట్టారు, కింద నేను సంతకం పెట్టాలి. పాపం, ఇన్నేళ్ళు నా చేతి కింద పని చేసిన మనిషి. ఎదురు చెప్పదు, ఏడవదు, అలా చూస్తూ నిలబడుతుంది. నాకూ మనసొప్పడం లేదు. కానీ తప్పు జరిగినప్పుడు ఎవరిదో ఒకరిదై ఉండాలి కదా. మేనేజరు మూడు వారాలు ఊళ్ళో ఉండడు, వచ్చాక సంతకం.

ఒంటరి సముద్రం ఒడ్డున
మీ బావ


జూలై 29

బావగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. నాలుగోది ఎలా వచ్చినా పంపేస్తున్నాను.

మీ ఫొటో చూశాను. మొదట ఆటపట్టిస్తున్నారనుకున్నాను. గదంతా నీలం బావా. గోడలు, మీ కుర్చీ, నేల మీద చాప, అన్నీ సిరాలో ముంచి తీసినట్టున్నాయి. స్టేజీ మీద కూడా ఇంత నీలం నేనెప్పుడూ వేయలేదు. ఆ గదిలో కూర్చుంటే ఎవరికైనా తల దిమ్మెక్కుతుంది. అక్క అలగలేదు. నిజంగానే కళ్ళు నొప్పి పుట్టి వంటింట్లోకి పోయింది. ఇక ఆ పగడం, కొసలు ఒక్కటే కాదు, సగం కొమ్మ దాకా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఇక్కడ పగడాలు పెంచే ఒకాయన దగ్గరికి ఫొటో తీసుకెళ్ళాను. వెలుతురు మితిమీరితే పగడం తన ఒంట్లో నాచును బయటికి గెంటేస్తుందట, అప్పుడిలా తెల్లబడుతుందట. అది పెరగడం కాదు, పస్తు.

ఇందులో నా వాటా నాది. ఆ మీటరు మనిషి కంటికి తగ్గట్టు చేసింది. నీలాన్ని అది దాదాపు లెక్కే పెట్టదని ఆయన చెప్పాడు. నాటకాలకు అది చాలు. పగడాల దగ్గర అది చూపిన అంకె ఉత్తదే. తెలియకుండా పంపి మిమ్మల్ని తప్పుదారి పట్టించాను.

ఇప్పుడు అసలు మాట. మా దగ్గర తెరలు రాసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆకాశం రాస్తే చూసి తీరాలి. ఒక ఏడాది ఆయన ఆకాశాలు ముదిరిపోవడం మొదలయ్యాయి. ఎంత రాసినా నీలం చాలలేదనేవాడు, రంగులు నాసిరకమని దుకాణాలు మార్పించాడు. చివరికి తేలిందేమిటంటే రెండు కళ్ళలోనూ శుక్లాలు. అది పట్టిన కన్ను పసుపు గాజులోంచి చూసినట్టు చూస్తుందట. నీలం లోపలికే రాదు. మెల్లగా ముదురుతుంది కాబట్టి మనిషికి తెలియదు.

మీ తొట్టెలో నీలం చాలలేదు. ఆసుపత్రి పెయింటులో నీలం చాలలేదు. దుకాణంవాడు, యంత్రం, ఆసుపత్రివాళ్ళు, అక్క, ఇంతమంది ఒకవైపున్నారు. బావా, ఒక్కసారి కళ్ళు చూపించుకోండి. అప్పటిదాకా ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. అక్కకు నేనేమీ చెప్పలేదు. మీకు కోపం వస్తుందని తెలుసు. మీ మీద ఉన్న ప్రేమకొద్దీ రాస్తున్నాను.

మీ బావమరిది


ఆగస్టు 3

బావమరిదికి,

నీ ఉత్తరం చేరింది.

నువ్వు నిక్కర్లు వేసుకునే వయసులో నేను షేడ్లు పాస్ చేస్తున్నాను. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో ఈ ఫ్యాక్టరీలో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవడో తెరలు రాసే ముసలాయన కథ చెప్పి నన్ను గుడ్డివాణ్ణి చేద్దామనుకున్నావు. మీ అక్క డాక్టరు అన్న రెండు వారాల్లోనే నువ్వూ డాక్టరు అన్నావంటే, ఇద్దరూ కూడబలుక్కున్నారని తెలుసుకోలేనంత వెర్రివాణ్ణి కాదు. ఫ్యాక్టరీలో యంత్రం చాలు, మనిషి కళ్ళెందుకు అనేవాళ్ళు కాచుక్కూర్చున్నారు. ఇంట్లోవాళ్ళు కూడా వాళ్ళకు వంత పాడితే ఇక నేను ఎవరికి చెప్పుకోవాలి? కళ్ళు పోయాయంటే నాకు మిగిలేదేమిటో ఆలోచించావా?

నీ మీటరు తిప్పి పంపుతున్నాను. సోమవారం మేనేజరు వస్తాడు, సంతకం పెడతాను. నువ్వు నీ నాటకాలు చూసుకో.

బావ


ఆగస్టు 7

బావగారికి,

ఈ ఉత్తరం సోమవారం లోపు అందాలని కొరియర్లో పంపుతున్నాను. అక్కతో నేను మాట్లాడి నెల దాటింది. నామీద కోపం నామీదే ఉంచండి, ఆవిడ మీదికి పోనివ్వకండి.

మీ కళ్ళ గురించి ఇక ఒక్క మాట కూడా అనను. పగడం గురించి మాత్రం అంటాను, ఎందుకంటే దాన్ని నా లైట్ల కింద నిలబెట్టింది నేను. ముందు పట్టీ ఈ రోజే ఊడదీయండి. నీలం బాగా తగ్గించండి. లైట్లు పైకి లాగండి. తెల్లబడినంత మాత్రాన చచ్చినట్టు కాదట, వెలుతురు తగ్గిస్తే కొన్నిసార్లు తేరుకుంటుందట. అంత తెల్లగా అయిందన్న నా మాట నమ్మనక్కర్లేదు. పక్కన ఎవరుంటే వాళ్ళను అడగండి.

కళ్ళు పోతే మీకేం మిగులుతుందని అడిగారు. నాకు తెలియదు బావా. ఆ ప్రశ్న చదివి నేను చాలాసేపు పని చేయలేకపోయాను.

మీ బావమరిది


సెప్టెంబరు 21

బామ్మర్దీ,

ఇన్నాళ్ళు ఉత్తరం లేదని నువ్వు ఏమేమి ఊహించుకున్నావో గాని, ఇది నా చేత్తో రాసింది, ఒక కొత్త కన్నుతో చూస్తూ రాసింది. తిట్టడం నాకు చేతనైనంత బాగా క్షమించమని అడగడం చేతకాదు. అందుకని జరిగింది వరసగా చెబుతాను, నీకు ఎక్కడ కావాలంటే అక్కడ క్షమించుకో.

నీ కొరియర్ ఉత్తరం వచ్చిన సాయంత్రం దాన్ని జేబులో పెట్టుకుని తొట్టె ముందు కూర్చున్నాను. కొసలు తప్ప కొమ్మంతా నాకు లేత గోధుమగానే ఉంది. పక్కన ఎవరుంటే వాళ్ళను అడగమన్నావు కదా. పక్కన ఎవరూ లేరు. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. పెళ్ళయ్యాక మొదటిసారి మీ అక్కను రంగు గురించి ఒక మాట అడిగాను. ఆ పగడం ఏం రంగుంది అని.

"తెలుపండీ," అంది. "నెల నుంచీ తెలుపే."

చెప్పలేదేం అన్నాను. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగాను.

"రంగు దగ్గర మీరు ఎవరి మాటా వినరు కదా. ఊరుకోవడం అలవాటైపోయింది," అంది.

నువ్వు ఒక ఉత్తరం నిండా రాసినది నా బుర్రకెక్కలేదు. మీ అక్క ఈ రెండు మాటలూ కుట్టుపని మీద నుంచి తలెత్తకుండా అంది, అంతే, ఎక్కింది. అక్కడే గుమ్మంలో కూర్చున్నాను. ఆవిడే వెళ్ళి పట్టీ లైటు తీసేసింది.

సోమవారం సంతకం పెట్టలేదు. కళ్ళు చూపించుకుని వచ్చి మాట్లాడతానని మేనేజరుకు చెప్పాను. శుక్లాలు రెండు కళ్ళలోనూ ఉన్నాయి, ఎడమది బాగా ముదిరింది. దానికి ఆపరేషన్ అయింది, రెండోది వచ్చే నెలలో. కట్టు విప్పి ఇంటికొచ్చాక ఆ గదిలో లైట్లు నువ్వు చెప్పిన పాత పద్ధతిలో, పూర్తి నీలంతో ఒక్క నిమిషం వేయమన్నాను. చూసి, ఆర్పేయమని అరిచాను. ఆ గదిలో నేను మీ అక్కను కూర్చోమని బలవంతం చేశాను బామ్మర్దీ. రాలేదని అలిగాను కూడా. కుడికన్ను మూస్తే గది నీలం, ఎడమకన్ను మూస్తే కాఫీ. ఇన్నాళ్ళూ కాఫీ వైపున కూర్చుని ఊరందరితో పోట్లాడాను.

కొమ్మల పగడం పై సగం పోయింది, విరిచి తీసేశాను. కింద, రాయి చాటున ఉన్న భాగం బతికింది. అది ఇప్పుడు గోధుమరంగులోకి తిరుగుతోంది. దుకాణంవాడు చూసి సంబరపడ్డాడు. నాచు మళ్ళీ కాపురానికి వచ్చిందట, ఆ గోధుమరంగే దాని ప్రాణమట. కాఫీ మరక అని ఈసడించి నేను తగలబెట్టింది దాని ఆరోగ్యాన్ని. ఊదా, నీలం ఆ తర్వాత వస్తే వస్తాయి, లేకపోతే లేదు. లైట్లు మూరెడు పైకి లాగాం. వెలుతురు తగ్గించి పెంచే డిమ్మరు మీ అక్క చేతిలో ఉంది, నేను ముట్టుకోను. ఆవిడ నువ్వు స్టేజీ మీద తెల్లవారే సీను నడిపినట్టు వెంట్రుకవాసి చొప్పున పెంచుతోంది. నన్ను అడగదు, నీకు ఫోన్ చేసి అడుగుతుందట. చేస్తుంది, నీ జలుబు సంగతి కూడా సిద్ధంగా ఉంచుకో.

ఫ్యాక్టరీలో రెండో కన్ను అయ్యేదాకా షేడ్లు పాస్ చేయడానికి నన్ను ఒప్పుకోలేదు. ఆ తర్వాత కూడా ఏమంటారో తెలియదు. మొన్న వెళ్ళి మేనేజరు ముందు రెండు బ్యాచ్‌ల తప్పూ నాదేనని చెప్పాను. గరిటమ్మ మీద రాసిన కాగితం చింపించాను. తర్వాత రంగులు కలిపే షెడ్డుకు నేనే వెళ్ళాను. ఆవిడ గరిటె తిప్పుతోంది. కళ్ళకు అద్దాలున్నాయి, అంతకుముందు లేవు. చెప్పాల్సింది అక్కడే నిలబడి చెప్పాను. నా కళ్ళు చెడిపోయాయి, నువ్వు కలిపింది సరిగ్గానే ఉంది, ఇంకా నీలం పోయించింది నేను, తప్పు నీదని అన్నదీ నేను అని.

ఆవిడ గరిటె ఆపింది. అద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"అది అప్పటికే ఎక్కువ నీలంగా కనిపించిందండీ నాకు. మీరేమో చాలలేదన్నారు. మీ కళ్ళు తప్పవు కదా, లోపం నా కళ్ళలోనే ఉంటుందనుకున్నాను. డాక్టరు ఏమీ లేదన్నాడు. నేనే బతిమాలి ఇవి పెట్టించుకున్నాను."

అద్దాలు అడిగి తీసుకున్నాను. కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుని ఆవిడ కలుపుతున్న రంగు వైపు చూశాను.

పవర్ లేదు బామ్మర్దీ. ఉత్త గాజు.

బావ